జనం చూడని పరుగు

అచ్చంపేటలో మా మందిరం తలుపులు ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు తెరుచుకుంటాయి. వేకువ ప్రార్థనకు వచ్చేది పదిమంది, మహా అయితే పన్నెండుమంది. వారిలో ఎక్కువమంది వితంతువులు, వృద్ధులు. యువకుల్లో క్రమం తప్పకుండా వచ్చే ఒకే ఒక్క అబ్బాయి కూడా నిరుడు జూన్ నుండి రావడం మానేశాడు. విచారిస్తే ఆ వేళకు పరుగుకు వెళ్తున్నాడని తెలిసింది. మాకు మనసు నొచ్చుకుంది.

అతను కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగులో నెగ్గి, రాత పరీక్షలో తప్పినవాడు. పదహారు వందల మీటర్ల కోసం మొదలుపెట్టిన సాధనను ఉద్యోగం రాకపోయినా ఆపలేదు. ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథానుకు, అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగుకు తయారవుతున్నాడు. తండ్రి మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు మోసే హమాలీ. కూలీ రాని ఆ కష్టం ఎందుకో ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే మాకూ అర్థం కాలేదు.

జూలైలో ఒక ఆదివారం అతను మూడున్నరకే బయలుదేరి, హాజీపూర్ చౌరస్తా దాటి, శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు వైపు వెళ్లి తిరిగొచ్చాడు. మొత్తం 30 కిలోమీటర్లు. అంత దూరం పరుగెత్తడం అతనికి అదే మొదటిసారి. ఏడు గంటలకు వచ్చి మందిరం మెట్ల మీద కూర్చున్నాడు. బనియను మీద చెమట ఆరి తెల్లగా ఉప్పు చారలు కట్టింది. మందలిద్దామనే మేము బయటికి వెళ్లాం. అతను నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు, వేళ్లు పట్టు చిక్కడం లేదు. సీసా తీసుకుని మూత తిప్పి ఇచ్చాం. మందలింపు అక్కడే ఆగిపోయింది.

నీళ్లు తాగి అతను మమ్మల్ని రెండు సంగతులు అడిగాడు. చాలా ఏళ్ల క్రితం యువజన కూడికలో మేమొక ప్రసంగం చేశాం. బూట్లు కొనుక్కునే స్తోమత లేని ఒక ఐతియొపీయ దేశస్థుడు ఉత్త కాళ్లతో పరుగెత్తి ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడని అందులో చెప్పాం. అది నిజమేనా అన్నది మొదటి ప్రశ్న. ఆ తరువాత ఆయన ఏమయ్యాడన్నది రెండోది. రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి చదివాక మొదటిదానికి మేము చెప్పిన జవాబే తప్పని తేలింది. ప్రసంగ వేదిక మీద నుండి తప్పు చెప్పినప్పుడు దిద్దుకోవడం కూడా సేవలో భాగమేనని సెమినరీలో మా గురువులు నేర్పారు. అందుకే ఈ వారం ఆ మనిషి కథను మొదటి నుండి చెబుతున్నాం.

ఆయన పేరు అబెబె బికిలా. 1932 ఆగస్టు 7న ఇతియోపియాలోని షెవా ప్రాంతంలో జాతో అనే పల్లెలో పుట్టాడు. మన బైబిలులో ఐతియొపీయ అని చదివే పేరే ఇది. అపొస్తలుల కార్యములలో రథం మీద కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ పోయిన అధికారిని, ఆ రథం పక్కన పరుగెత్తిన ఫిలిప్పును విశ్వాసులకు గుర్తు చేయనవసరం లేదు. ఆ ప్రాచీన రాజ్యం నేటి ఇతియోపియాకు ఉత్తరాన, సూడాను వైపు ఉండేదని పండితులు అంటారు. అయినా ఇతియోపియా క్రైస్తవులు ఆ అధికారిని తమవాడిగానే చెప్పుకుంటారు. నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవ్యాన్ని రాజ్య మతంగా స్వీకరించిన దేశం అది. అక్కడ క్రిస్మస్ పండుగ జనవరి 7న వస్తుంది. ఆ పండుగకు గెన్నా అనే ఆట ఆడతారు. వంకర కర్రలతో బంతిని కొడుతూ, కొన్ని చోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండే గోలు దాకా పరుగెత్తే ఆట. బికిలా చిన్నతనంలో ఆ ఆట ఆడాడు.

ఆయనకు మూడేళ్లు నిండాక, 1935లో ముస్సోలినీ సేనలు ఇతియోపియా మీద పడ్డాయి. ఆ యుద్ధంలో బికిలా కుటుంబం సొంత ఊరు వదిలిపోవలసి వచ్చింది. 1937లో ఇటలీవాళ్లు అక్సుం నగరంలోని పురాతన రాతిస్తంభాన్ని ముక్కలుగా విడదీసి, ఓడలో రోముకు తీసుకుపోయి అక్కడ నిలబెట్టుకున్నారు. ఈ స్తంభాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. కథలో మళ్లీ వస్తుంది.

పెద్దయ్యాక బికిలా రాజధాని అడిస్ అబాబాకు వచ్చి చక్రవర్తి హైలే సెలాసీ అంగరక్షక దళంలో సామాన్య సిపాయిగా చేరాడు. అక్కడ ఓన్ని నిస్కనెన్ అనే స్వీడన్ దేశపు శిక్షకుడి కంట పడ్డాడు. అడిస్ అబాబా సముద్రమట్టానికి రెండు వేల మూడు వందల మీటర్ల కంటే ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఆ గాలికి అలవాటు పడిన శరీరం ప్రాణవాయువును మోసుకుపోయే ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. నిస్కనెన్ ఆయనను కొండ దారుల్లో దూరపు పరుగులు, మైదానంలో వేగపు పరుగులు మార్చి మార్చి చేయించాడు. 1960లో అడిస్ అబాబాలోనే పరుగెత్తిన ఒక మారథానులో బికిలా 2 గంటల 21 నిమిషాల 23 సెకన్లకు గమ్యం చేరాడు. ఎమిల్ జటోపెక్ 1952లో నెలకొల్పిన ఒలింపిక్ రికార్డు కంటే అది తక్కువ సమయం. బయటి లోకంలో దానిని లెక్కపెట్టినవారు లేరు.

దూరపు పరుగు అంటే ఏమిటో మా అబ్బాయి వల్ల మాకు కొంత తెలిసింది. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే చక్కెర దాదాపు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుందట. అప్పుడు కాళ్లు సీసంలా బరువెక్కుతాయి, బుద్ధి మందగిస్తుంది. వారానికొకసారి ఆ హద్దు దాకా నెమ్మదిగా పరుగెత్తి రావడం వల్ల శరీరం కొవ్వును వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరాలలోకి సన్నని రక్తనాళాలు కొత్తగా పాకుతాయి. ఎండ రాకముందే ఇది ముగించుకోవాలి గనుక తెల్లవారుజామున లేవాలి. చప్పట్లు కొట్టేవారు ఉండరు, వెంటపడే కుక్కలు తప్ప.

ఏలీయా కర్మెలు కొండ దిగి, వర్షం ముంచుకొస్తుంటే అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తిన సంగతి రాజుల మొదటి గ్రంథంలో ఉంది. అది దాదాపు పాతిక కిలోమీటర్ల దూరం. ప్రసంగాల్లో మేము ఆ పరుగు దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగం, నేరుగా బదరీవృక్షం కిందికి వెళ్లిపోతాం. బ్రదుకు చాలునని ప్రవక్త ఆ చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ఆయనను మందలించలేదు. నిద్రపోనిచ్చి, కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు. మందిరం మెట్ల మీద ఆ సీసా మూత తిప్పేటప్పుడు మాకు ఆ అధ్యాయం గుర్తు రాలేదు. తరువాత వచ్చింది, కొంచెం సిగ్గుతో.

ఇక రోము. 1960 సెప్టెంబరు 10. ఎండకు భయపడి మారథానును సాయంత్రం మొదలుపెట్టారు.  ఉత్త కాళ్ల సంగతి ఇక్కడ వస్తుంది. ఆయనకు బూట్లు ఉన్నాయి. రోములో కూడా ఇచ్చారు. అవి పాదాలకు సరిగా కుదరలేదు. సొంత దేశంలో చెప్పుల్లేకుండా పరుగెత్తిన అలవాటు ఉంది గనుక, బొబ్బలెక్కించే బూట్ల కంటే తన అరికాళ్లే నయమని శిక్షకుడితో కలిసి తేల్చుకున్నాడు. సాధన చేసిన మనిషి ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. మేము మాత్రం దానిని పేదరికపు కథగా మార్చి, వినేవారి కళ్లలో నీళ్లు తెప్పించాం. ఆయన వేకువ పరుగులన్నిటినీ ఒక్క మాటతో తుడిచేసి, అద్భుతం మాత్రమే మిగిల్చాం. ఆ ప్రసంగం విన్నవారందరినీ క్షమించమని అడుగుతున్నాం.

మొరాకో దేశస్థుడు రాది బెన్ అబ్దెస్సెలాంను కనిపెట్టి ఉండమని, అతని నంబరు 26 అని బికిలాకు ముందుగా చెప్పారు. రాది ఆ నంబరు తగిలించుకోలేదు. అంతకుముందు మరో పందెంలో వాడిన 185 నంబరుతోనే దిగాడు. బికిలా దారి పొడవునా 26 కోసం వెతుకుతూ ఒక్కొక్కరినీ దాటాడు. సగం దూరం గడిచాక పక్కన మిగిలింది 185 నంబరు మనిషి ఒక్కడే. ఆ 26 ఇంకా ముందెక్కడో ఉన్నాడనుకుని బికిలా వేగం తగ్గించలేదు. తాను వెతుకుతున్నవాడితోనే భుజం భుజం కలిపి కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తాడు.

చీకటి పడింది. పౌలు ఖైదీగా రోముకు నడిచి వచ్చిన అప్పియా మార్గమే ఆ రాత్రి పరుగుదారి. ఇటలీ సైనికులు దివిటీలు పట్టుకుని అంచున నిలబడ్డారు. పాతికేళ్ల క్రితం తన ఊరి మీదికి వచ్చిన దేశపు సైనికులు ఇప్పుడు తన అడుగులకు వెలుగు పడుతున్నారు. గమ్యం దగ్గరపడుతుండగా అక్సుం స్తంభం కనిపించింది. అక్కడే వేగం పెంచాలని బికిలా, నిస్కనెన్ ముందే దారి చూసి అనుకున్నారు. అనుకున్న చోట ఆయన విడివడి ముందుకు పోయాడు. కాన్‌స్టంటైన్ విజయద్వారం దగ్గర పరుగు ముగిసేసరికి 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లు. అప్పటివరకూ లోకంలో అంత త్వరగా మారథాను ముగించినవారు లేరు. రాది 25 సెకన్లు వెనక వచ్చాడు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికావాసి బికిలా.

ఆ స్తంభం 2005లో ఇతియోపియాకు తిరిగి చేరింది. 2008లో అక్సుంలో నిలబెట్టారు. అది చూడడానికి బికిలా లేడు.

ఆ ఏడాది డిసెంబరులోనే అంగరక్షక దళంలోని అధికారులు చక్రవర్తి మీద తిరుగుబాటు చేశారు. కుట్రలో పాలు లేకపోయినా ఆ దళపు సిపాయి గనుక బికిలాను కొద్దికాలం నిర్బంధించి వదిలారు. తరువాతి ఏళ్లలో ఆయన ఏథెన్సులో, ఒసాకాలో గెలిచాడు. 1963లో బోస్టనులో మాత్రం అయిదో స్థానం వచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు అయిదారు వారాల ముందు, పరుగు సాధనలో ఉండగా కడుపునొప్పితో కూలబడ్డాడు. అపెండిసైటిస్ అని ఆపరేషన్ చేశారు. కుట్లు మానీ మానక ముందే మళ్లీ సాధన మొదలుపెట్టాడు. అక్టోబరు 21న టోక్యోలో, ఈసారి బూట్లు వేసుకునే, 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లకు వచ్చి మరో ప్రపంచ రికార్డు పెట్టాడు. రెండోవాడు స్టేడియంలోకి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ లోపల బికిలా పచ్చిక మీద పడుకుని తీరికగా వ్యాయామం చేసుకున్నాడు. వరుసగా రెండు ఒలింపిక్ మారథాన్లు గెలిచిన మొదటి మనిషి ఆయనే.

1968లో మెక్సికోకు కాలి ఎముక గాయంతో వెళ్లాడు. దాదాపు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. ఆ పందెం ఆయన సహచరుడు, అదే దళంవాడు మామో వోల్డే గెలిచాడు. పతకం దేశంలోనే ఉంది. పరుగు మాత్రం బికిలాకు అదే చివరిది.

మా అబ్బాయి రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. 1969 మార్చి 22 రాత్రి బికిలా నడుపుతున్న ఫోక్స్‌వ్యాగన్ కారు అదుపు తప్పి బోల్తా పడింది. ఆయన లోపల ఇరుక్కుపోయాడు. మరునాడు ఉదయం వరకు బయటికి తీయలేదు. ఎన్నో ఏళ్లు ఏ వేళకు లేచి కొండ దారుల్లో పరుగెత్తాడో ఆ వేళంతా ఆయన వెన్ను విరిగి ఆ రేకుల మధ్య పడి ఉన్నాడు. మేము ఇది చదివి పుస్తకం మూసి కాసేపు బయట కూర్చున్నాం.

ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి తీసుకువెళ్లారు. నాజీల చేతికి చిక్కకుండా జర్మనీ విడిచి వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అనే యూదు వైద్యుడు 1944లో వెన్నెముక గాయాల విభాగాన్ని స్థాపించిన చోటు అది. అలాంటి రోగులను మంచాన పడేసి మరణం కోసం ఎదురుచూసే రోజుల్లో, ఆయన వాళ్ల చేతికి బాణాలు, బంతులు ఇచ్చాడు. 1948లో అక్కడ మొదలైన ఆటలే పెరిగి పారాలింపిక్స్ అయ్యాయి. మొదట చేతులు కూడా కదలని బికిలాకు నెలల చికిత్స తరువాత చేతుల్లో సత్తువ తిరిగి వచ్చింది. కాళ్లు రాలేదు.

1970లో ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని స్టోక్ మాండెవిల్ ఆటల్లో విలువిద్యకు, టేబుల్ టెన్నిస్‌కు దిగాడు. ఒలింపిక్ స్వర్ణాలు రెండు ఉన్న మనిషి, కొత్తవారి వరుసలో కూర్చుని విల్లు పట్టడం నేర్చుకున్నాడు. 1971లో నార్వేకు అతిథిగా పిలిస్తే అక్కడా ఊరుకోలేదు. మంచు మీద బండి పందెంలో పదహారు మందిలో మొదట వచ్చాడు. మంచు ఎరుగని దేశంవాడు! ఇది చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది, కళ్లూ చెమర్చాయి.

తన విజయాలు దేవుని చిత్తమైతే ఈ ప్రమాదమూ ఆయన చిత్తమేనని, రెండింటినీ స్వీకరించానని బికిలా చెప్పినట్టు లోకం రాసుకుంది. యోబు మాటకు దగ్గరి మాట అది. ముప్పై ఏళ్ల సేవలో మేము ఎన్నో ఆసుపత్రి మంచాల పక్కన నిలబడి అదే మాట తేలికగా అనేశాం. ఇప్పుడు అనడానికి నోరు రావడం లేదు. మంచం మీదివాడు తనంతట తాను అంటే తల వంచి వినాలి, పక్కన నిలబడ్డవాడు అతనికి చెప్పకూడదు. ఇది మా అభిప్రాయం. ఒప్పుకోని తోటి సేవకులు ఉంటారు.

హెబ్రీ పత్రికలో పరుగు పందెం గురించి చెప్పేచోట మన అనువాదకులు ఓపిక అన్న మాటకు మూలం గ్రీకులో హుపొమొనె. భారం కింద నిలిచి ఉండటం అని దాని నిర్మాణం. సెమినరీలో ఈ మాటకు మార్కులు తెచ్చుకున్నాం. పరుగెత్తడానికీ నిలిచి ఉండడానికీ ఏమి పొత్తు అని అప్పట్లో తోచలేదు. రోము నాటి బికిలాను, చక్రాల కుర్చీలోని బికిలాను పక్కపక్కన పెట్టుకుని చూశాక ఆ రెండూ ఒకే మనిషి చేసిన ఒకే పనిలాగా కనబడ్డాయి.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఆయన ప్రత్యేక అతిథి. ప్రారంభోత్సవంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏడాది తిరగగానే, 1973 అక్టోబరు 25న, ప్రమాదం తాలూకు అనారోగ్యంతో మెదడులో రక్తస్రావమై కన్నుమూశాడు. వయసు 41. సిపాయిగా చేరినవాడు అప్పటికి కెప్టెన్ హోదాలో ఉన్నాడు. అడిస్ అబాబాలో సెయింట్ జోసెఫ్ చర్చి శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. దాదాపు 65,000 మంది వచ్చారు. చక్రవర్తి కూడా వచ్చాడు. ఆ చక్రవర్తి సింహాసనం మరుసటి ఏడాది కూలిపోయింది.

తరువాతి ఆదివారం మా అబ్బాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాం. ప్రమాదం దగ్గరికి వచ్చేసరికి అతను తన మోకాళ్ల మీద చేతులు వేసుకున్నాడు. విల్లు పట్టడం నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాడు. గెలిచిన సంగతుల గురించి ఏమీ అడగలేదు.

ఆ పై వారం అతని సాధనలో 32 కిలోమీటర్ల పరుగు ఉంది. వేకువ ప్రార్థనను మూడున్నరకు జరుపుదామని సంఘంతో అంటే వృద్ధులెవరూ సణగలేదు. ఆ వేళకు తమకు ఎలాగూ నిద్ర పట్టదన్నారు. ఒక తల్లి అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చింది. అబ్బాయి మోకరించి ప్రార్థన ముగిశాక లేచి బూట్ల తాళ్లు బిగించుకున్నాడు. మేము మజ్జిగ సీసా, అరటిపండ్లు స్కూటరు డిక్కీలో పెట్టుకుని వెనక బయలుదేరాం.

హాజీపూర్ చౌరస్తా దాటాక కటిక చీకటి. మా హెడ్‌లైటు వెలుగులో అతని నీడ పొడుగ్గా ముందు పడి ఊగుతోంది. రెండు కిలోమీటర్లు అలా పోయాక అతను చెయ్యి ఊపాడు. తన నీడే అడ్డుపడి రోడ్డు మీది గుంతలు కనిపించడం లేదని, వెనక కాకుండా పక్కకు వచ్చి నడపమని అడిగాడు. పక్కకు వెళ్లాం. కొండల మీద వెలుతురు వచ్చేసరికి పద్నాలుగో కిలోమీటరు నడుస్తోంది.